మాటు వేసే ముఖానికి ఇంట్లో చేసుకునే మట్టి రంగు

లకుముకి పిట్టకు ఒక అలవాటుంది. నీటి మీదికి వంగిన కొమ్మ ఒకటి నచ్చిందంటే తిరిగి తిరిగి దాని మీదికే వస్తుంది. అలాంటి కొమ్మ ఒకటి చూసుకుని, కొంచెం దూరంలో తుంగ వెనక కూర్చున్నాను. ఆకుపచ్చ చొక్కా, మట్టి రంగు టోపీ, కెమెరాకు చుట్టిన గోనెపట్టా, అన్నీ సిద్ధమే. పిట్ట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కొమ్మ మీద వాలకముందే రివ్వున మళ్లిపోయింది. అవతలి గట్టు మీదున్న స్నేహితుడు ఫోనులో తీసిన ఫొటో చూపించాక గానీ సంగతి తెలియలేదు. తుంగ, చొక్కా, టోపీ అన్నీ కలిసిపోయి మసకగా ఉన్నాయి. మధ్యలో నా నుదురు, ముక్కు మాత్రం చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తున్నాయి.

చర్మం మీద ఎప్పుడూ పల్చటి జిడ్డు ఉంటుంది. దానికి చెమట తోడైతే ఎండ పడిన ప్రతిచోటా తళుక్కుమంటుంది. పైగా రెండు కళ్లు, వాటి నడుమ ముక్కు, కింద నోరు అన్న అమరికను అడవిలోని ప్రాణులు ఇట్టే పసిగడతాయి. ముఖానికి రంగు పూసుకునేది ఈ రెండింటి కోసమే. మెరుపు పోవాలి, ముఖం ముఖంలా కనబడకుండా చెదిరిపోవాలి. ఆకుపచ్చగా మారడం అసలు పనే కాదు. ఈ తేడా తెలిస్తే బజారులో గొట్టాల్లో అమ్మే సైనికుల రంగు కొనక్కర్లేదు. వంటింట్లోనూ పూజా సామగ్రి దుకాణంలోనూ దొరికేవి చాలు.

వేట కోసం ఈ రంగు వెతుకుతున్నవారికి ముందే ఒక మాట. మన దేశంలో వన్యప్రాణులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనం ఫొటోలు తీసేవాళ్లు కూడా చదవాల్సినది. అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి చెదరగొట్టినా అది వేట కిందికే వస్తుంది. కాబట్టి ఈ రంగు గూటి దగ్గరికి పాకడానికి కాదు, గూటికి దూరంగా కదలకుండా కూర్చోవడానికి. అమెరికాలో లైసెన్సు తీసుకుని జింక వేటకు వెళ్లే తెలుగువారూ ఉన్నారు. తుపాకీ వేట కాలంలో అక్కడి చాలా రాష్ట్రాల్లో కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు చొక్కానో టోపీనో తప్పనిసరి. జింక కంటికి ఆ నారింజ తేడాగా కనబడదు, తోటి వేటగాడి కంటికి మాత్రం దూరం నుంచే కనబడుతుంది. ముఖానికి ఎంత మట్టి పూసుకున్నా ఆ చొక్కా మానకండి.

ముందు చోటు చూడండి

రంగు కలపడానికి కూర్చునే ముందు, మీరు మాటు వేయబోయే చోటి నుంచి చారెడు మట్టి, రెండు ఎండుటాకులు, కాస్త గడ్డి సంచిలో వేసుకుని రండి. పూసుకోవడానికి కాదు, పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోవడానికి. అభయారణ్యమైతే ఆకు కూడా తేవద్దు, ఒక ఫొటో చాలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నల్లమలలో ఆకు రాలిపోయి అడవంతా గోధుమ, బూడిద రంగుల్లోకి దిగుతుంది. అక్కడ పచ్చటి ముఖంతో కూర్చుంటే కోసిన చేలో చిలుక వాలినట్టే. అదే అడవి ఆగస్టులో వేరే అడవి. రోళ్లపాడు గడ్డి మైదానంలో వానలు వెనకబట్టాక గడ్డి ఎండి పండిన వరి రంగుకు తిరుగుతుంది, అక్కడ నలుపు చిటికెడే వాడాలి. కోరింగ మడ అడవుల్లో బురద నల్లగా ఉంటుంది, వేళ్ల నీడలు ఎక్కువ. అక్కడ ముదురు రంగు ధారాళంగా పట్టించవచ్చు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులను చూడటానికి మంచె కట్టారు. అక్కడ ఏ రంగూ అవసరం లేదు, బైనాక్యులర్ చాలు.

ఎవరి కంటికి కనబడకూడదన్నది రెండో ప్రశ్న. మనిషి కంటిలో రంగులు పసిగట్టే కణాలు మూడు రకాలు. జింక కంటిలో రెండే. పగటి పక్షుల్లో సాధారణంగా నాలుగు రకాలుంటాయి, చాలా పక్షులకు మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనబడుతుంది. అందుకే జింకల ముందు వెలుగునీడల తేడా సరిపోతే చాలు, పక్షుల ముందు రంగు కూడా కుదరాలి. బట్టలు తెల్లగా మెరవాలని కొన్ని సబ్బు పొడుల్లో కలిపే పదార్థాలు ఆ అతినీలలోహిత కాంతి పడితే నీలంగా వెలుగుతాయి. ముఖానికి ఇంత శ్రమపడి, అలాంటి పొడితో ఉతికిన చొక్కా వేసుకుంటే పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏవి వాడాలి, ఏవి వాడకూడదు

నూనె భాగానికి తేనెమైనం 10 గ్రాములు, కొబ్బరి నూనె 20 గ్రాములు, ఆముదం 10 గ్రాములు. ఇది ముగ్గురికి ఒక పూటకు హాయిగా సరిపోతుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండల్లో అది ఎప్పుడూ ద్రవమే కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. రంగును ముఖం మీద నిలబెట్టేది అదే. ఆముదం చిక్కదనం పొడులను పట్టి ఉంచుతుంది. మైనం బదులు ఇంట్లో ఉన్న కొవ్వొత్తి వేస్తే సరిపోదా అని అడుగుతారు. ఆ మైనం ఆరాక పెళుసుబారి, నవ్వితే పగులుతుంది.

నా మొదటి ప్రయత్నంలో మైనం లేనే లేదు. కొబ్బరి నూనెలో బొగ్గు పొడి కలిపి పూసుకుని, మే నెలలో చెరువు గట్టున కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు నుదుటి మీది నలుపు కనుబొమల దాకా దిగింది. తొమ్మిదికి కళ్లలోకి దిగింది. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ ఉండగా కొమ్మ మీద టప్పున చప్పుడైంది, పిట్ట వాలింది. నేను తల ఎత్తేసరికి కొమ్మ ఊగుతోంది, అంతే.

పొడులకు కొబ్బరిచిప్ప బొగ్గు, ముల్తానీ మట్టి, గోపీచందనం, కొద్దిగా ఎర్రమన్ను. నామాలు పెట్టుకునే గోపీచందనం మట్టే. పూజా దుకాణంలో గడ్డలుగా దొరుకుతుంది. సువాసన గానీ అదనపు రంగు గానీ కలపని గడ్డనే అడిగి తీసుకోండి.

ఇక వాడకూడనివి. ఈ జాబితా కాస్త పెద్దదే, ఎందుకంటే ప్రకృతిసిద్ధం అన్న మాట విని జనం చేసే పొరపాట్లన్నీ ఇక్కడే ఉంటాయి.

ఆకు పసరు వద్దు. గోంగూర ఉడికితే పచ్చదనం పోయి మట్టి రంగుకు తిరగడం చూసే ఉంటారు. వేడి తగిలితే పచ్చదనానికి పట్టే గతి అదే. పైగా నీరున్న పసరు రెండు రోజుల్లో కుళ్లుతుంది. పేరు తెలియని ఆకులు ముఖానికి రుద్దుకోవడం మరీ ప్రమాదం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, నల్లజీడి రసం బొబ్బలెక్కిస్తుంది, దూలగొండి సంగతి చెప్పనక్కర్లేదు. గోరింటాకు పెట్టుకుంటే ఎర్రటి ముఖంతో సోమవారం ఆఫీసుకు వెళ్లాలి. పసుపు కూడా పనికిరాదు. మరక ఒక్కటే కాదు, పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది.

యక్షగానం, పగటివేషాల వాళ్లు పూర్వం ముఖానికి హరిదళం పూసుకునేవారు. అది సహజంగా దొరికే ఖనిజమే, కానీ ఆర్సెనిక్ సమ్మేళనం, విషం. సిందూరంలో సీసం ఉండే అవకాశం ఉంది. హోలీ రంగులు, ముగ్గు రంగులు, బూటు పాలిష్, పాత బ్యాటరీ పగలగొట్టి తీసిన నల్లపొడి, వీటిలో ఏదీ ముఖం దగ్గరికి రానివ్వకండి. దీపం మసితో పట్టిన కాటుక హాని చేయకపోవచ్చు గానీ, మరీ సన్నటిది కాబట్టి చర్మ రంధ్రాల్లోకి దిగి రెండు మూడు రోజులు వదలదు.

బొగ్గు, మట్టి సిద్ధం చేసుకోవడం

కొబ్బరిచిప్పల పీచు గీకేసి ముక్కలు చేయండి. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో నింపి, మూతకు మేకుతో ఒక చిల్లు పెట్టి, ఆరుబయట కట్టెల మంటలో ఉంచండి. చిల్లులోంచి పొగ, ఆ తర్వాత చిన్న మంట వస్తాయి. అవి ఆగాక డబ్బాను పటకారతో బయటికి తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టకండి. వేడి మీద తెరిస్తే గాలి తగిలి బొగ్గు రాజుకుని చివరికి బూడిదే మిగులుతుంది. ముక్కను విరిస్తే కణుక్కున పగలాలి, లోపల గోధుమ రంగు ఉండకూడదు. కల్వంలో మెత్తగా నూరి, పాత నూలు చీర గుడ్డతో వస్త్రగాళితం పట్టండి. నూరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. చిప్పలు లేకపోతే మామూలు కట్టె బొగ్గు వాడవచ్చు. రాక్షసి బొగ్గు మాత్రం వద్దు.

ఎర్రమన్నును తేర్చుకోవాలి. ఒక గిన్నె నీళ్లలో మన్ను కలిపి, అర నిమిషం ఆగండి. ఇసుక అడుగుకు చేరుతుంది. పైన ఉన్న ఎర్రటి కలక నీటిని వేరే గిన్నెలోకి వంచి రాత్రంతా కదపకుండా ఉంచితే, పొద్దునకు పైన తేట నీరు, అడుగున వెన్నలాంటి మట్టి మిగులుతాయి. తేట పారబోసి, మట్టిని పళ్లెంలో ఎండబెట్టి, ఇనుప పెనం మీద బాగా వేయించండి. అయినా ఒక జాగ్రత్త ఉంది. నేల మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు, పెనం వేడికి అవన్నీ చస్తాయని నమ్మలేం. ముఖం మీద గాటు, మొటిమ పుండు ఉంటే మన్ను వద్దు. మాటుకు వెళ్లే రోజు గడ్డం గీసుకోకండి. ఈ బాధ వద్దనుకుంటే సౌందర్య సాధనంగా అమ్మే ఎర్రమట్టి కొనుక్కోవడమే మేలు.

కలపడం

తేనెమైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, మరీ వేడెక్కితే నిప్పంటుకుంటుంది. వెడల్పు గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, అందులో చిన్న స్టీలు గిన్నె ఉంచి, మైనం తురుము వేయండి. కరిగాక కొబ్బరి నూనె, ఆముదం పోసి కలపండి. నూనెలు చల్లగా ఉంటే మైనం ఒక్కసారి గడ్డలు కడుతుంది, కంగారు పడకండి, మళ్లీ కరుగుతుంది. ఒక్క చుక్క నీరు కూడా ఇందులో పడకూడదు.

ఇప్పుడు అరిసెల పాకం చూసినట్టే పదును చూడాలి. చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి, గడ్డకట్టాక వేలితో నొక్కండి. వేలి వెంట జారిపోతే మైనం చాలదు, ఇంకో రెండు గ్రాములు వేయండి. గోరు దిగనంత గట్టిపడితే అర చెంచా ఆముదం పోయండి. ఒత్తితే మెత్తబడి వేలికి అంటుకోవాలి, కానీ జారకూడదు. ఎండాకాలానికి కొంచెం గట్టిగానూ చలికాలానికి కొంచెం మెత్తగానూ చేసుకుంటే మంచిది.

దీన్ని మూడు చిన్న గిన్నెల్లోకి సమంగా పంచి, మూడింటినీ వేడి నీళ్లలోనే ఉంచండి. మొదటి దానిలో చిన్న చెంచాడు బొగ్గు పొడి, చెంచాడు ముల్తానీ మట్టి వేస్తే ముదురు రంగు. మూడో దానిలో రెండు చెంచాల ముల్తానీ మట్టి, చిటికెడు ఎర్రమన్ను వేస్తే ఎండుగడ్డి రంగు.

రెండో గిన్నె దగ్గర తొందర పడకండి. ముందు రెండు చెంచాల గోపీచందనం వేసి కలిపితే ఆవపిండి రంగులో ముద్ద అవుతుంది. అందులో బొగ్గు పొడి చిటికెడు వేసి కలపండి. పసుపు చచ్చి, బురద రంగు వస్తుంది. ఇంకో చిటికెడు. ఇప్పుడు ముద్దను కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూస్తే పాత చింతాకు లాంటి ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. పసుపుపచ్చలో నలుపు కలిస్తే ఆకుపచ్చ రావడమేమిటని నేనూ నమ్మలేదు, చూశాక నమ్మాను. మూడో చిటికెడు దాటితే మళ్లీ బూడిద రంగే, కాబట్టి అక్కడ చెయ్యి ఆపండి. మీరు తెచ్చిన ఆకును పక్కన పెట్టి చూసుకునేది ఇప్పుడే. అడవిలోని పచ్చ మనం ఊహించే దానికంటే చాలా మసక.

పొడి వేసిన ప్రతిసారీ పుల్లతో నిమిషం సేపు తిప్పాలి. కొంచెం చిక్కబడగానే ఖాళీ బామ్ డబ్బాల్లోకి తీసి, పూర్తిగా గట్టిపడేదాకా ఒకటి రెండుసార్లు కదపండి. లేకపోతే మట్టి అడుగునా నూనె పైనా చేరతాయి. మట్టి పని రంగు ఇవ్వడమే కాదు, జిడ్డును పీల్చుకుని మెరుపు తగ్గించేదీ అదే. తడి చేతులు పెట్టకుండా నీడపట్టున ఉంచితే నెలల తరబడి నిలవ ఉంటుంది. పాత నూనె వాసన వస్తే పారేయండి.

పూసుకోవడానికి ఒక రోజు ముందు మోచేతి మడత దగ్గర కొద్దిగా రాసి చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ డబ్బా మీకు పనికిరాదు. నూనె పడని చర్మమైతే ముల్తానీ మట్టి, బొగ్గు పొడి నీళ్లతో కలిపి పట్టు వేసుకోవచ్చు. గంటసేపు బాగుంటుంది, తర్వాత ఎండి, బిగుసుకుని, రాలుతుంది.

పూసుకోవడం

జింక వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉంటుంది. పైనుంచి పడే వెలుగు వీపును తేలిక చేస్తుంది, కింద పడే నీడ పొట్టను ముదురు చేస్తుంది, రెండూ సరిపోయి ఒంటి గుండ్రనం కనబడకుండా పోతుంది. ఈ కిటుకును అమెరికా చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో వివరించాడు. ముఖానికీ అదే సూత్రం. వెలుగు పడే ఎత్తుల మీద, అంటే నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకలు, గడ్డం కొన, చెవుల అంచుల మీద ముదురు రంగు. నీడ పడే పల్లాల్లో, అంటే కళ్ల కింద, ముక్కు పక్కన, కింది పెదవి కింద, గడ్డం కింద మెడ మీద లేత రంగు.

విదేశీ సూచనలు చాలావరకు తెల్లటి ముఖాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటి ప్రకారం నల్లటి గీతలు గీస్తే మన చామనఛాయ మీద అవి కలిసిపోయి ముఖం ముఖంలాగే ఉంటుంది. మన ముఖాన్ని చెదరగొట్టేది ఆ మూడో డబ్బా, ఎండుగడ్డి రంగు. దాన్ని పొదుపు చేయకండి.

శనగ గింజంత ముద్ద వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాక పల్చగా పట్టించండి. ముదురు, లేత అయ్యాక, చింతాకు రంగును నుదుటి ఎడమ మూల నుంచి ముక్కు మీదుగా కుడి దవడ దాకా వంకరటింకరగా లాగండి. కుడి ఎడమలు ఒకేలా ఉండకూడదు. కనురెప్పల మీద, పెదవుల మీద వద్దు. చివరగా పొడి ముల్తానీ మట్టిని గుడ్డలో తీసుకుని ముఖమంతా అద్దండి, రుద్దకండి. మిగిలిన కాస్త మెరుపు కూడా దీంతో పోతుంది. చేతుల వెనక భాగం మరచిపోవద్దు, ముఖం కంటే ఎక్కువ కదిలేవి చేతులే. ఉంగరం, గడియారం జేబులోకి. కళ్లద్దాలు ఉంటే టోపీ అంచు కిందికి లాగి వాటి మీద నీడ పడేలా చూసుకోండి.

సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడానికి అద్దం పనికిరాదు. పొద ముందు నిలబడి, పదిహేను అడుగుల దూరం నుంచి ఎవరిచేతనైనా ఫోనులో ఫొటో తీయించి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. కళ్లు చికిలించి చూస్తే ఎక్కడ తెల్లటి మచ్చ కనబడుతుందో అక్కడ ఇంకొంచెం పూయాలి. నాకు ప్రతిసారీ చెవులే దొరుకుతాయి.

దోమల మందు రాసుకునే అలవాటుంటే రంగుకు ముందే రాసుకుని ఆరనివ్వండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను తింటుంది కాబట్టి ఆ చేత్తో కెమెరా ముట్టకండి.

ఇంటి దగ్గరే పూసుకుని బయలుదేరకండి. నేను ఒకసారి ఆ పని చేశాను. తెల్లవారుజామున అయిదింటికి దారిలో టీ బండి దగ్గర ఆగితే, బండాయన గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "ఏ ఊరు బాబూ, ఏం వేషం?" అని అడిగాడు. ఆయన కాబట్టి వేషమన్నాడు, ఇంకొకరైతే దొంగ అనేవారు. మాటు చోటికి చేరాకే పూసుకోండి, ఊళ్లోకి తిరిగి వచ్చే ముందే తుడుచుకోండి. సైనికుల దుస్తుల్ని పోలిన రంగు మచ్చల చొక్కాలు కూడా వద్దు, పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి ఎలాగూ ఉండాలి.

కూర్చున్నాక కదలకండి. ఏ రంగూ కదలికను దాచదు. మొదటి అరగంట పిట్టలు మిమ్మల్ని గమనిస్తూనే ఉంటాయి. ఆ అరగంట కెమెరా ఎత్తకుండా ఉండగలిగితే, తర్వాతి గంట మీది.

కడుక్కోవడం

సబ్బు మొదట వాడితే రంగు ముఖమంతా పులుముకుంటుంది. ముందు కొబ్బరి నూనె రాసి, రెండు నిమిషాలు ఆగి, పాత గుడ్డతో తుడవండి. తర్వాత శనగపిండితో నలుగు పెట్టి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. ఈ పని చెరువులో చేయకండి. జిడ్డు గుడ్డను ఇంట్లో బట్టలతో కలిపి ఉతికితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు, ఇంట్లో వాళ్లే చెబుతారు. చెవుల వెనక, మెడ మడతల్లో, వెంట్రుకల మొదళ్లలో మళ్లీ ఒకసారి తుడుచుకోండి. మీరు వదిలేసిన చోటు మర్నాడు తెల్ల దిండు గలీబు మీద కనబడుతుంది.